బజర్లకు ట్రౌట్ ఎందుకు పడటం లేదు?

ఏప్రిల్‌లో రెండు ఆదివారాలు రట్లాండ్ వాటర్ రిజర్వాయర్ గట్టున గడిపినా ఒక్క ట్రౌట్ కూడా పడలేదని, కళ్లెదుటే చేపలు పైకి వచ్చి నీటిమీద వలయాలు చేస్తూ పోయాయని, మీకు నలభై గజాల దూరంలో నిలబడిన ఒక పెద్దాయన మాత్రం ఏమీ చేయకుండానే ఐదు చేపలు పట్టాడని, అడిగితే ‘బజర్లు’ అని ఒక్క మాట చెప్పి మళ్లీ నీళ్లవైపు తిరిగిపోయాడని రాశారు. ఆ తర్వాత ఆ పేరున్న పురుగుకు నకలుగా కొక్కెం మీద కట్టే ఫ్లైలు, అంటే పదకొండు రకాల బజర్లు కొని మార్చి మార్చి విసిరినా ఫలితం లేక, ఇక ఏ రంగు మిగిలిందని అడుగుతున్నారు. కొత్త రంగేదీ కొనవద్దన్నది నా మొదటి సలహా. ఆ పెద్దాయన ఏమీ చేయకుండానే పట్టాడని మీరే రాశారు. మీకు కావలసిన సమాధానం చాలావరకు ఆ ముక్కలోనే ఉంది. ఇంగ్లండ్‌లోని ఈ రిజర్వాయర్ల మీద నేను పదహారేళ్లుగా చేపలు పడుతున్నాను. మొదటి రెండేళ్లు నేనూ మీలాగే పెట్టెలు నింపుకున్నాను.

ముందు ఆ పురుగు సంగతి తెలిస్తే తక్కినది తేలికవుతుంది. ఇక్కడివాళ్లు బజర్ అని పిలిచేది కైరోనమిడ్ కుటుంబానికి చెందిన కీటకాన్ని. చూడటానికి దోమలాగే ఉంటుంది గానీ కుట్టదు. సాయంత్రం గట్టుమీది చెట్ల పక్కన గుంపులుగా లేచి రొద చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన ఊళ్లలో చెరువు పక్కన దీపం వెలిగించగానే ముసురుకొని, ఎవరినీ కుట్టకుండా, తెల్లవారేసరికి గోడ వారన కుప్పగా రాలి కనిపించే పురుగుల్లో ఈ కుటుంబానివి కూడా ఉంటాయి. గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు అని వీటి బతుకు నాలుగు దశలు. లార్వా అడుగున బురదలో ఉంటుంది. కొన్ని జాతుల లార్వాల్లో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల అవి ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలోనూ బతకగలుగుతాయి, ఎర్రగానూ కనిపిస్తాయి. అక్వేరియం చేపలకు మేతగా అమ్మే ఎర్రపురుగులు ఇవే.

మనకు పనికివచ్చేది ప్యూపా దశ. చర్మం కింద చేరిన వాయువు సాయంతో అది అడుగునుంచి పైకి బయలుదేరుతుంది. తలా రొమ్మూ కలిసి ఒక ముద్దలా లావుగా, వెనకభాగం సన్నగా, మొత్తం మీద కామా ఆకారంలో వంగి ఉంటుంది. తల దగ్గర తెల్లని కుచ్చుల్లా శ్వాసతంతువులు కనిపిస్తాయి. ఒళ్లు మెలితిప్పి కొంత పైకి వస్తుంది, ఆగుతుంది, కొంచెం కిందికి జారుతుంది, మళ్లీ మెలితిప్పుతుంది. పారిపోయే శక్తి దానికి లేదు, ఆ సంగతి ట్రౌట్‌కు తెలుసు. అందుకే ట్రౌట్ దాన్ని తరమదు. ఒకే లోతులో తీరికగా ఈదుతూ, దారిలో వేలాడుతున్నవాటిని ఒక్కొక్కటే లోపలికి పీల్చుకుంటూ పోతుంది. ఇప్పుడు మీ ఫ్లైని ఆ చేప వైపునుంచి చూడండి. మీరు ఒక్కో లాగుకు రెండడుగుల చొప్పున లాగుతున్నానని రాశారు. చుట్టూ వందలకొద్దీ ప్యూపాలు ఉన్నచోటనే వేలాడుతుంటే, వాటి మధ్యనుంచి ఒకటి మాత్రం చేపపిల్లలా దూసుకుపోతోంది. దాని రంగు నలుపా ఆలివా అని చూసే అవసరం ఆ ట్రౌట్‌కు రాదు.

ఈ ఎరుక కొత్తదేమీ కాదు. 1904లో చేపలవేట మొదలైన బ్లాగ్డన్ రిజర్వాయర్‌లో పెద్ద పెద్ద రంగుల ఈకల ఫ్లైలను లాగడమే మొదట్లో పద్ధతిగా ఉండేది. ఆ దగ్గర్లోనే వైద్యం చేసుకునే డాక్టర్ బెల్ అనే ఆయన, మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి కాలంలో, పట్టిన చేపల కడుపు కోసి లోపల ఏముందో చూసి, దానికి తగ్గట్టు చిన్న ఫ్లైలు కట్టుకొని నెమ్మదిగా ఆడించడం మొదలుపెట్టాడు. బజర్‌కు తొలి నకళ్లలో ఆయనది ఒకటి.

ఇక మీ సామాను విషయం. పది అడుగుల ఏడో నంబరు రాడ్, తేలే లైన్ ఉన్నాయన్నారు, అవి చాలు. మార్చవలసింది లీడర్, అంటే లైన్ కొనకూ ఫ్లైలకూ మధ్య కట్టే సన్నని దారం. మీరు దుకాణంలో కొన్న తొమ్మిదడుగుల టేపర్డ్ నైలాన్ లీడర్‌ను తీసివేసి, ఏడు పౌన్ల బరువు ఆపగల ఫ్లోరోకార్బన్ దారంతో పద్దెనిమిది అడుగుల లీడర్ కట్టుకోండి. ఫ్లోరోకార్బన్ సాంద్రత నీటికన్నా దాదాపు 1.8 రెట్లు; నైలాన్‌ది 1.1 చిల్లర. అంటే మొదటిది తనంతట తాను మునుగుతుంది, రెండవది మునగడానికి బద్ధకిస్తుంది. లైన్ కొననుంచి ఏడడుగుల దగ్గర మొదటి డ్రాపర్ (ఫ్లై కట్టడానికి లీడర్‌నుంచి పక్కకు వదిలే చిన్న దారం), అక్కడినుంచి ఐదున్నర అడుగులకు రెండవది, మరో ఐదున్నర అడుగులకు చివరి ఫ్లై ఉండాలి. డ్రాపర్లు ఆరంగుళాలకు మించి పొడవుంటే ప్రధాన దారానికి చుట్టుకుంటాయి. మూడు ఫ్లైలలో అన్నిటికన్నా బరువైనదాన్ని చివర కట్టండి; పదో నంబరు కొక్కెం మీద కట్టినదైతే మంచిది. పై రెండూ పన్నెండో నంబరువి సరిపోతాయి (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది). ఇంత పొడవు లీడర్‌తో మొదటి రోజు చిక్కులు తప్పవు. గాలి మరీ ఎక్కువగా ఉంటే సంకోచించకుండా రెండు ఫ్లైలకు దిగండి. చిక్కు విప్పుకుంటూ కూర్చున్నంతసేపూ మీ ఫ్లైలు గడ్డిమీదే ఉంటాయి కదా.

నిలబడే చోటును గాలిని బట్టి ఎంచుకోవాలి. మీరు కుడిచేత్తో విసిరేవారైతే గాలి ఎడమవైపునుంచి కుడికి, గట్టుకు సమాంతరంగా వీచేచోటు వెతకండి. నార్మంటన్ చర్చి ఉన్న వైపు గట్టు పొడవునా నడిస్తే ఏ గాలికైనా అలాంటి వంపు ఒకటి దొరుకుతుంది. విసిరితే అందే దూరంలో నీరు పది పదిహేనడుగుల లోతుంటే చాలు. డ్యామ్ గోడ దగ్గర నీరు చాలా లోతు కాబట్టి మొదట్లో అక్కడికి వెళ్లవద్దు. మీ ఫ్లై ఎంత లోతులో ఉందో మీకే తెలియకుండా పోతుంది.

ఇలాంటి చోట నేరుగా ఎదురుగా గానీ, గాలి వచ్చే వైపుకు కొంచెం మళ్లించి గానీ విసరండి. విసిరిన వెంటనే వదులుగా ఉన్న లైన్‌ను సరిచేసుకొని, ఇక లాగకుండా లెక్కపెట్టండి. గాలి తేలే లైన్‌ను మెల్లగా పక్కకు నెడుతుంది, లైన్ విల్లులా వంగుతుంది, ఆ వంపు ఫ్లైలను నీటి లోపల నత్తనడకన ఈడుస్తుంది. బజర్‌కు తగిన వేగం అదే. దాన్ని మీ చేత్తో తేవడం చాలా కష్టం. మీ చేతికి మిగిలిన పని ఒక్కటే, లైన్ మరీ వదులుకాకుండా చూసుకోవడం. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య లైన్ పట్టుకొని, మిగతా వేళ్లతో రెండు మూడంగుళాల చొప్పున అరచేతిలోకి మడుచుకుంటూ ఉండండి. ఒక మడతకూ మరో మడతకూ మధ్య రెండు మూడు సెకన్లు ఆగినా తప్పులేదు. చేపలు పట్టుకుంటున్నామన్న భావన కలగనంత నెమ్మదిగా ఉంటే సరైన వేగంలో ఉన్నట్టే.

మొదటి విసురుకు పది లెక్కపెట్టి మడవడం మొదలుపెట్టండి. తర్వాత ఇరవై, ఆ తర్వాత ముప్పై, నలభై. చివరి ఫ్లైకి నాచు తగిలి వస్తే అడుగు చేరిందని అర్థం. అక్కడినుంచి ఐదు తగ్గించండి. ఏ లెక్క దగ్గర చేప పడిందో గుర్తుపెట్టుకొని, ఆ లెక్కనే మళ్లీ మళ్లీ వాడాలి. ఏ ఫ్లైకి పడిందన్నది కూడా లోతు సంగతే చెబుతుంది. వరసగా రెండు చేపలు పై డ్రాపర్‌కు పడితే అవి దాన్ని రంగు చూసి ఎంచుకున్నాయని మనం అనుకుంటాం. నా అనుభవంలో చాలాసార్లు అవి నాలుగడుగుల లోతులో తిరుగుతున్నాయన్నదే దాని అర్థం. ఆ ఫ్లైని చివరకు మార్చి కట్టి చూడండి, మళ్లీ పై డ్రాపర్‌కే పడతాయి.

చేప పడటం ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ, రెండు ఆదివారాల్లో మీకు తెలియకుండానే కొన్ని చేపలు మీ ఫ్లైని పీల్చి ఉమ్మేసి ఉంటాయని నా అనుమానం. మునుగుతున్న ఫ్లైని ట్రౌట్ అందుకుంటే చేతికి తెలియకపోవచ్చు. రాడ్‌ను నీటికి ఒక అడుగు పైన, లైన్ పోయే దిశకు కొంచెం పక్కగా పట్టుకుంటే, రాడ్ కొననుంచి నీటిదాకా లైన్ సన్నని వంపుతో వేలాడుతుంది. మీ చూపు ఆ వంపు మీదే ఉండాలి. అలల వల్ల అది ఒక లయలో ఊగుతూ ఉంటుంది. ఆ లయ తప్పి వంపు అంగుళం పైకి లేచినా, ఉన్నట్టుండి వదులైనా, రాడ్‌ను మెత్తగా ఎత్తండి. సగంసార్లు ఏమీ ఉండదు. మిగతా సగంలోనే మీ చేపలున్నాయి.

రాడ్‌ను పక్కగా పట్టమనడానికి ఇంకో కారణం ఉంది. బజర్లను ట్రౌట్ కొన్నిసార్లు ఎంత మెత్తగా అందుకుంటుందో, మరికొన్నిసార్లు అంత మొరటుగా గుంజుతుంది. నా రెండో ఏట ఒక మే నెల సాయంత్రం, రాడ్‌ను తిన్నగా లైన్ వైపే గురిపెట్టి నిలబడి, గంటలోపల రెండు చేపల్ని ఐదు పౌన్ల దారంతో సహా పోగొట్టుకున్నాను. రెండుసార్లూ ముడి జారిందనుకున్నాను. దారం చివర చూస్తే ముడి దగ్గర కాకుండా మధ్యలో తెగి ఉంది. రాడ్ తిన్నగా ఉంటే దాని వంపు పనిచేయదు, దెబ్బంతా దారం మీదే పడుతుంది. ఆనాటినుంచి రాడ్‌ను పక్కకు తిప్పి పట్టడమూ, దారాన్ని ఏడు పౌన్లకు పెంచడమూ రెండూ చేశాను.

విసురు పూర్తయ్యాక లైన్ ఎత్తేటప్పుడు తొందరపడవద్దు. రాడ్‌ను నెమ్మదిగా ఎత్తుతూ, పై డ్రాపర్ నీటిమీదికి రాబోయే ముందు ఆపి, ఐదారు సెకన్లు అలాగే ఉంచండి. పైకి పయనమైన ప్యూపా ఆగినట్టే మీ ఫ్లైలూ ఆగుతాయి. దూరంనుంచి వెంటవచ్చిన చేప అందుకునేది చాలాసార్లు ఇక్కడే.

ఇక మీకు కళ్లెదుట కనిపించిన వలయాల సంగతి. ప్యూపా పైకి చేరాక నీటి తలతన్యతను ఛేదించుకొని బయటపడాలి. అల ఉంటే ఆ పొర సులువుగా చిట్లుతుంది. నీరు అద్దంలా ఉంటే ప్యూపాలు పొర కిందనే చాలాసేపు వేలాడతాయి. ట్రౌట్ వీపు, తోక మాత్రమే నెమ్మదిగా తేలి మునిగితే అది పొర కిందివాటిని తింటోందని అనుకోవచ్చు. అప్పుడు లోతు లెక్కలన్నీ పక్కనపెట్టి, షిప్‌మన్స్ బజర్ లాంటి తేలే ఫ్లైని పై డ్రాపర్‌కు కట్టి, కింద బరువు తక్కువైనవి ఉంచి, చేప పోయే దారికి ఆరేడడుగుల ముందు విసిరి వదిలేయండి. ఇలాంటప్పుడు లీడర్ నీటిమీద తేలితే దాని గీత నిశ్చలమైన నీటిలో తాడులా కనిపించి చేప బెదురుతుంది. దానికి విరుగుడు మన వంటింటి పక్కనే ఉంది. ఇక్కడివాళ్లు ఫుల్లర్స్ ఎర్త్ అని కొనే పొడి మన ముల్తానీ మట్టే. దానిలో గిన్నెలు కడిగే ద్రవమూ కొంచెం గ్లిజరినూ కలిపి ముద్దచేసి చిన్న డబ్బాలో ఉంచుకొని, లీడర్‌ను దానితో తుడిస్తే జిడ్డుపోయి మునుగుతుంది. మొహానికి రాసుకునే పొడి చేపలకెందుకని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు.

బెండు వాడవచ్చా అని కూడా అడిగారు. జీలుగు బెండు కట్టిన గాలంతో కాలవ గట్టున పెరిగినవారికి ఆ ఆలోచన రావడం సహజమే. ఇక్కడ దాన్ని ఇండికేటర్ అంటారు. కొన్ని ఫిషరీల్లో ఒప్పుకోరు కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. దీన్ని ఒక శాస్త్రంగా పెంచినవారు కెనడాలో బ్రిటిష్ కొలంబియావారు. కామ్‌లూప్స్ చుట్టూ ఉన్న టంక్వా, రోష్ వంటి సరస్సుల్లో పడవను ముందూ వెనకా రెండు లంగర్లతో కదలకుండా కట్టి, ఇరవై అడుగులకు మించిన లీడర్ కింద ఒకటి రెండు ఫ్లైలు వేలాడదీస్తారు. చేప పడగానే దారం మీద జారిపోయే బెండు వాడతారు, లేకపోతే అంత పొడవు లీడర్‌తో చేపను వలదాకా తేవడం కుదరదు. లోతు కొలవడానికి వాళ్లు చేసే పని నాకు చాలా నచ్చింది. ఫ్లైకి ఫోర్సెప్స్ (కొక్కెం తీసే చిన్న పటకారు) తగిలించి పడవ పక్కనుంచి నీటిలోకి వదులుతారు. అది అడుగు తాకాక దారం బిగించి, నీటిమట్టానికి ఒకటి రెండు అడుగుల కింద బెండును బిగిస్తారు. ఫోర్సెప్స్ తీసి విసిరితే ఫ్లై సరిగ్గా అడుగుకు అంత ఎత్తులో వేలాడుతుంది. లెక్కపెట్టే పని లేకుండా లోతు ఖాయమవుతుంది. గాలి బొత్తిగా లేని రోజున, అనుమతి ఉన్నచోట, నేనూ బెండే వాడతాను. గాలి ఉంటే మాత్రం లైన్ వంపుతో పట్టడంలో ఉన్న హాయి దానిలో లేదు. ఇది నా ఇష్టం మాత్రమే.

రంగుల విషయం అడిగారు కాబట్టి చెబుతాను. వసంతంలో ఎర్రని లేక వెండి తీగ చుట్టిన నల్లనిది, వేసవిలోకి వెళ్లేకొద్దీ ఆలివ్ రంగుది, ఈ రెండూ ఉంటే నాకు చాలు. వీటికి తోడు డియాల్ బాక్ అనే వేల్స్ ఫ్లై ఒకటి పై డ్రాపర్‌కు ఉంచుతాను. ఆ పేరుకు వాళ్ల భాషలో చిన్న దెయ్యం అని అర్థం. మీరే కట్టుకోగలిగితే పని ఇంకా తేలిక. వంపు తిరిగిన కొక్కెం మీద నల్లదారాన్ని ఒకే పొరగా, సన్నగా, వంపు దాటేదాకా చుట్టండి. వెండి తీగను ఐదారు చుట్లు వేయండి. ముందుభాగంలో దారంతోనే చిన్న ముద్దలా పెంచి, దాని రెండు పక్కలా నారింజరంగు పోచలు బుగ్గల్లా అతికించి, మొత్తానికి యూవీ రెజిన్ (యూవీ కాంతికి గట్టిపడే జిగురు) పల్చగా పూయండి. నునుపుగా ఉంటేనే వేగంగా మునుగుతుంది. లావుగా కట్టడమే అందరూ చేసే తప్పు. అసలు ప్యూపాను అరచేతిలో పెట్టుకొని చూస్తే ఎంత సన్నగా ఉంటుందో తెలుస్తుంది. బ్రిటిష్ కొలంబియాలో కంప్యూటర్ భాగాలు చుట్టివచ్చే యాంటీ స్టాటిక్ సంచిని సన్నని పట్టీలుగా కోసి, ఒంట్లో వాయువు నిండిన ప్యూపాకు ఉండే బూడిదవెండి మెరుపు కోసం చుడతారు. మీరు చేసే ఉద్యోగాన్ని బట్టి చూస్తే ఆ సంచులకు మీకు కొదవ ఉండదనుకుంటాను.

వేళ గురించి ఒక మాట. ఏప్రిల్‌లో పొద్దున్నే ఆరింటికి వెళ్లి తొమ్మిదింటికి విసుగొచ్చి వచ్చేశానన్నారు. నీరు చల్లగా ఉన్న ఆ రోజుల్లో పదకొండునుంచి మూడింటిదాకానే ప్యూపాలు ఎక్కువగా లేస్తాయి. తెల్లవారుజామూ సాయంసంధ్యా జూన్ తర్వాతి మాట. నడివేసవిలో పై నీరు ఇరవై డిగ్రీలు దాటితే ట్రౌట్ లోతుకు దిగిపోతుంది. అలాంటి రోజుల్లో పట్టి వదిలేయాలనుకుంటే అసలు వెళ్లకపోవడమే మేలు, వదిలిన చేప బతకడం కష్టం.

మొదటి చేప పడ్డాక దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే, చంపిన వెంటనే పొడవాటి సన్నని చెంచాను గొంతులోంచి కడుపులోకి జార్చి, ఒకసారి తిప్పి, బయటికి తీసి, తెల్లని గిన్నెలో కొన్ని నీళ్లు పోసి అందులో విదిలించండి. మొదట నల్లని ముద్దలా ఉంటుంది, తర్వాత నీటిలో విడివిడిగా పరుచుకుంటుంది. ఒకసారి గ్రాఫమ్ రిజర్వాయర్‌లో అలా విదిల్చినప్పుడు నలభైకి పైగా ప్యూపాలు లెక్కపెట్టాను. వాటిలో రెండు ఇంకా ఒళ్లు మెలితిప్పుతున్నాయి. అన్నీ పన్నెండో నంబరు కొక్కెమంత, అన్నీ నలుపే. నేను ఆ రోజు పద్నాలుగో నంబరు ఆలివ్ వాడుతున్నాను, చేప దానికే పడింది. గిన్నెలో ప్యూపాలు కనిపిస్తే పైన రాసినదంతా పాటించండి. వాటి బదులు నారింజ ఆకుపచ్చ కలిసిన జావలాంటిది కనిపిస్తే అది డాఫ్నియా, అంటే నీటిలో మేఘాల్లా తేలే అతిచిన్న నీటిజీవుల గుంపు. ఆ మేఘం ఎండకు కిందికి, మబ్బుకు పైకి కదులుతుంటే ట్రౌట్ దాని వెంటే తిరుగుతుంది. ఆ రోజుకు బజర్లను పెట్టెలో పెట్టేసి, మీరు పక్కన పడేసిన నారింజరంగు లూర్‌నే, అంటే లాగి ఆడించే పెద్ద రంగుల ఫ్లైనే, మళ్లీ బయటికి తీయండి.